తేలికపాటి వీల్‌చైర్

ఇంట్లో ఒక్కరే మడిచి, ఎత్తి, కారు డిక్కీలో పెట్టుకోగలిగే చక్రాల కుర్చీని తేలికపాటి వీల్‌చైర్ అంటారు. ఎన్ని కిలోలుంటే తేలిక అన్నదానికి మన దుకాణాల్లో కచ్చితమైన హద్దు లేదు. ఇనుప గొట్టాలతో చేసి క్రోమ్ పూత పూసిన మామూలు మడత కుర్చీ 17 నుంచి 20 కిలోల దాకా తూగుతుంది. అల్యూమినియంది 10 నుంచి 14 కిలోలు ఉంటుంది. మడత లేకుండా టైటానియంతోనో కార్బన్ ఫైబర్‌తోనో ఒకే చట్రంగా చేసేవి పది కిలోల లోపే ఉంటాయి, కానీ వాటి ధర లక్షల్లోకి పోతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ అయితే 36 పౌండ్ల లోపు, అంటే సుమారు 16 కిలోల లోపు ఉన్నదాన్ని తేలిక కుర్చీగా లెక్కిస్తుంది. 30 పౌండ్ల లోపుంటే అతి తేలిక కుర్చీ.

తెలుగు ఇళ్లలోకి ఈ కుర్చీ చాలాసార్లు ఒకే దారిన వస్తుంది. పెద్దాయనకు పక్షవాతం వస్తుంది, లేదా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరుగుతుంది. డిశ్చార్జి రోజు పొద్దున డాక్టరు రౌండ్స్‌కి వచ్చి ‘వీల్‌చైర్ ఒకటి చూసుకోండి’ అని చెప్పి వెళ్తారు. బిల్లు కట్టడానికీ అంబులెన్స్ మాట్లాడటానికీ మధ్య దొరికిన అరగంటలో కొడుకో కూతురో గేటు ఎదురుగా ఉన్న సర్జికల్ షాపుకి పరుగెత్తి, ముందు కనబడ్డదాన్ని కొనేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పది రోజులు ఆస్పత్రి బెంచీల మీద పడుకున్న మనిషికి ఆ పూట మిగిలిన ఓపిక అంతే. బాత్రూం తలుపులో కుర్చీ పట్టదన్న సంగతి ఇంటికొచ్చాకే తెలుస్తుంది. నెల తిరిగేసరికి అది బాల్కనీలో ఓ మూలకు చేరుతుంది, పెద్దాయన మంచానికే పరిమితమవుతారు.

వీల్‌చైర్‌ను నిజానికి ఇద్దరు వాడతారు. ఒకరు కూర్చుంటారు. ఇంకొకరు తోస్తారు, మడుస్తారు, ఎత్తుతారు, తుడుస్తారు. ఆ ఇంకొకరు మన ఇళ్లలో ఎక్కువగా భార్య, కోడలు, లేదా కూతురు. వాళ్లలో అరవై దాటినవాళ్లూ ఉంటారు, నడుం నొప్పితో బెల్టు పెట్టుకుని తిరిగేవాళ్లూ ఉంటారు. కూర్చునేవారికి కొలత ముఖ్యం, ఎత్తేవారికి బరువు ముఖ్యం. ‘లైట్‌వెయిట్’ అన్న స్టిక్కరు రెండోదాని గురించే చెబుతుంది. మొదటిది ఇంట్లో టేపు పట్టుకుని తేల్చుకోవాల్సిందే.

మడత కుర్చీ పుట్టిందే కారులో పెట్టుకోవడం కోసం. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు 1918లో గని ప్రమాదంలో వెన్ను విరిగి నడక కోల్పోయాడు. అప్పటి కుర్చీలు పెద్దవి, మొరటువి, కారులో పట్టేవి కావు. మెకానికల్ ఇంజనీరైన స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి ఆయన 1930ల తొలి ఏళ్లలో ఉక్కు గొట్టాల కుర్చీ ఒకటి తయారుచేశాడు. సీటు కింద రెండు గొట్టాలు కత్తెరలా అడ్డంగా దాటుకుంటాయి. సీటు మధ్యలో పట్టుకుని పైకి లాగితే రెండు పక్కలూ దగ్గరికొచ్చి కుర్చీ మూసుకుంటుంది. దాని బరువు సుమారు 50 పౌండ్లు, దాదాపు 23 కిలోలు. మన ప్రభుత్వాస్పత్రుల వరండాల్లో ఇవాళ కనబడే కుర్చీ కూడా ఆ కత్తెర చట్రం సంతతే.

బరువు సగానికి తగ్గడానికి ఇంకో నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. 1978లో కాలిఫోర్నియాలో మెరిలిన్ హామిల్టన్ అనే యువతి హ్యాంగ్ గ్లైడర్ ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడవలేకపోయింది. ఆస్పత్రి ఇచ్చిన బరువైన కుర్చీ ఆమెకు నచ్చలేదు. గ్లైడర్లు తయారుచేసే స్నేహితులు జిమ్ ఒకమోటో, డాన్ హెల్మన్‌లను, ఆ అల్యూమినియం గొట్టాలతోనే తనకో కుర్చీ చేసిపెట్టమని అడిగింది. వచ్చిన కుర్చీ 26 పౌండ్లు, అంటే 12 కిలోల లోపు. ‘క్విక్కీ’ పేరుతో రంగురంగుల్లో అమ్మకానికి వచ్చి, అది ఆ పరిశ్రమ తీరునే మార్చేసింది. ఈ రెండు మలుపుల్లోనూ కుర్చీని మార్చింది అందులో రోజంతా కూర్చున్న మనుషులే. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

తేలిక ఎక్కడ పనికొస్తుందో తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. 60 కిలోల మనిషి 18 కిలోల కుర్చీలో కూర్చుంటే మొత్తం 78 కిలోలు. 12 కిలోల కుర్చీలో కూర్చుంటే 72. చదునైన నేల మీద తోసేటప్పుడు ఆ తేడా నూటికి ఎనిమిది పాళ్లు కూడా కాదు. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు ఎక్కించాలంటే, చక్రాల రాపిడి సంగతి అలా ఉంచితే, మొత్తం బరువులో పన్నెండో వంతు బలం కావాలి. అంటే మొదటిదానికి ఆరున్నర కిలోలు, రెండోదానికి ఆరు. చేతులకు పెద్దగా తేడా తెలియదు. అదే ఖాళీ కుర్చీని డిక్కీలోకి ఎత్తేటప్పుడు 18 కిలోలు పోయి 12 అయింది, అంటే మూడో వంతు భారం తగ్గింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లే ఇంటిని తీసుకుంటే, వెళ్లినప్పుడల్లా ఎక్కించడం, దించడం, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే పని. వారానికి పన్నెండుసార్లు ఆ కుర్చీ ఒకరి నడుం మీద పడుతుంది.

కాబట్టి తరచూ బయటికి తిరిగేవాళ్లు తేలిక కోసం డబ్బు పెట్టడం సబబు. గుమ్మం దాటడమే అరుదైన ఇంట్లో అదే డబ్బు మంచి చక్రాల మీద, దిండు మీద, సరైన కొలత మీద పెడితే కూర్చున్నవారు సుఖపడతారు. షాపువాళ్లు చెప్పే బరువులో పాదాల పలకలు కలిశాయో లేదో అడగాలి. కొందరు తయారీదారులు పలకలూ దిండూ తీసేసి తూచిన బరువే రాస్తారు. అన్నిటికన్నా మంచిది, రేపు ఇంట్లో ఎత్తబోయే మనిషి చేతే షాపులో ఒకసారి ఎత్తించి చూడటం. కొడుకు జిమ్‌కి వెళ్లే చేతులతో ఎత్తి ‘తేలిగ్గానే ఉంది’ అంటే సరిపోదు. రోజూ ఎత్తేది అమ్మ.

కొలత తీయడం పది నిమిషాల పని. సరిగ్గా కూర్చోగలిగితే గట్టి సీటున్న డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చోబెట్టాలి. తుంటికి రెండు పక్కలా రెండు అట్టపుస్తకాలు నిలబెట్టి ఒంటికి ఆనించి, ఆ రెండింటి మధ్య దూరం టేపుతో చూడాలి. సీటు వెడల్పు దాదాపు అంతే ఉండాలి, మహా అయితే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉండొచ్చు. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి రెండంగుళాలు తీసేస్తే సీటు లోతు వస్తుంది. మోకాలి మడత నుంచి మడమ దాకా, రోజూ చెప్పులేసుకునేవారైతే చెప్పులతోనే, కొలిస్తే పాదాల పలక ఎంత కింద ఉండాలో తెలుస్తుంది.

దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 18 అంగుళాల సీటు. నలభై అయిదు కిలోల ముసలమ్మకు తుంటి వెడల్పు పద్నాలుగు అంగుళాలే ఉండొచ్చు. 18 అంగుళాల సీటులో ఆమెకు రెండు పక్కలా రెండేసి అంగుళాల ఖాళీ మిగులుతుంది. పక్షవాతం వచ్చిన పక్కకు ఒళ్లు మెల్లగా ఒరిగిపోతుంది. ఇంట్లోవాళ్లు ఆ సందులో దిండు కుక్కుతారు, అది జారిపోతుంది, మళ్లీ కుక్కుతారు. సీటు లోతు ఎక్కువైతే అంచు మోకాళ్ల వెనక కోసుకుంటుందని ఆమె ముందుకు జారి, నడుం వంచి కూర్చుంటుంది. చూసేవాళ్లు ‘అమ్మ నిటారుగా కూర్చోవడం లేదు’ అంటారు. అమ్మ తప్పు కాదది, సీటు తప్పు. 16 అంగుళాలది కావాలని గట్టిగా అడిగితే చాలా షాపులు తెప్పించి ఇస్తాయి.

తర్వాత ఇంటిని కొలవాలి. 18 అంగుళాల సీటున్న పెద్ద చక్రాల కుర్చీ బయటి వెడల్పు 25, 26 అంగుళాలు ఉంటుంది. భారత ప్రభుత్వ అందుబాటు మార్గదర్శకాలు 900 మిల్లీమీటర్ల తలుపు దారి అడుగుతాయి. మన అపార్ట్‌మెంట్లలో హాలు తలుపు ఆ లెక్కకు దగ్గరగా ఉన్నా, బాత్రూం తలుపు చాలా చోట్ల రెండున్నర అడుగులే. అందులో తెరిచిన రెక్క మందం పోగా మిగిలేది ఇంకా తక్కువ. పాత ఇళ్లలో రెండడుగులవీ ఉన్నాయి. సీటు రెండంగుళాలు తగ్గితే కుర్చీ వెడల్పూ అంతే తగ్గుతుంది. ఒక్కోసారి బాత్రూంలోకి వెళ్లగలగడం, వెళ్లలేకపోవడం ఆ రెండంగుళాల మీదే ఉంటుంది. మంచం పక్క, మలుపు దగ్గర, లిఫ్ట్‌లో కూడా కొలవాలి. కుర్చీ పూర్తిగా వెనక్కి తిరగడానికి దాదాపు అయిదడుగుల జాగా కావాలి.

ఇక గడప. పసుపు రాసి, బొట్టు పెట్టిన గడపను తీయించడానికి చాలా ఇళ్లలో మనసొప్పదు, తీయించాల్సిన పనీ లేదు. రెండంగుళాల గడపకు రెండడుగుల పొడవు చెక్క వాలు, మూడంగుళాలకు మూడడుగులది, లోపలికొకటి బయటికొకటి వడ్రంగి చేత చేయించుకుంటే సరిపోతుంది. పండగ రోజు వాటిని పక్కకు జరిపి గడపకు పసుపు రాసుకోవచ్చు.

చక్రాల విషయంలో షాపులో రెండు రకాలు చూపిస్తారు. నాలుగూ చిన్న చక్రాలున్నది వెనక నుంచి ఎవరో ఒకరు తోసేది. వెడల్పు తక్కువ, బరువు తక్కువ, డిక్కీలో ఇట్టే పడుతుంది. వెనక 24 అంగుళాల పెద్ద చక్రాలున్నదాన్ని కూర్చున్నవారే చేత్తో తిప్పుకోవచ్చు. మోసేవారి సుఖం చూసి మొదటిది కొనే ముందు కాస్త ఆగాలి. పక్షవాతం వచ్చినా ఒక చెయ్యి, ఒక కాలు పనిచేసే మనిషి, సీటు తగినంత కిందికి ఉంటే, ఆ కాలితో నేలను తన్నుకుంటూ, ఆ చేత్తో చక్రం తిప్పుకుంటూ హాల్లోంచి వరండాలోకి వెళ్లగలరు. పేపరు కోసం, పక్కింటివారి పలకరింపు కోసం ఎవర్నీ పిలవకుండా కదలగలగడం చిన్న విషయం కాదు. రెండు కిలోల తేడా కోసం ఆ స్వేచ్ఛను తీసేయకూడదు. చేతులు పూర్తిగా పనిచేయనివారికీ, మతిమరుపు ముదిరినవారికీ చిన్న చక్రాలదే మేలు కావచ్చు. చిన్న చక్రాలు షాబాద్ బండల సందుల్లో, సిమెంటు రోడ్డు పగుళ్లలో ఇరుక్కుంటాయన్నది మాత్రం మరవకూడదు. ముందు చక్రాలు ఎంత పెద్దవైతే గతుకు అంత సులువుగా దాటుతాయి. గాలి టైర్లు కుదుపు తగ్గిస్తాయి, కానీ పంక్చర్లుంటాయి. గట్టి రబ్బరు టైర్లకు ఆ బెడద లేదు, కుదుపు మాత్రం ఒళ్లంతా తెలుస్తుంది.

పైకి లేచే చేతిపట్టీలు, పక్కకు తిరిగి ఊడివచ్చే పాదాల పలకలు తప్పనిసరిగా చూసుకోవాలి. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు స్థిరమైన చేతిపట్టీ అడ్డుగోడలా నిలబడుతుంది. అది పైకి లేస్తే మనిషిని గాల్లోకి ఎత్తకుండా పక్కకు జరపొచ్చు. ఇంట్లోవాళ్ల నడుములు పోయేది ఎక్కువగా ఈ మార్పిడిలోనే. సీటు ఎత్తు మంచం ఎత్తుతో సమానంగా ఉంటే పని సగం తగ్గుతుంది. చీర కట్టుకునేవారికి పక్క రేకు లేదా గుడ్డ ఉన్న కుర్చీ తీసుకోవాలి. లేకపోతే కొంగు పెద్ద చక్రం ఊచల్లో చుట్టుకుంటుంది, కుచ్చిళ్లు ముందు చక్రం కిందికి పోతాయి.

దిండు విషయంలో చేసే పొదుపు చాలా ఖరీదు పడుతుంది. స్పర్శ తగ్గినవారు, వెన్నుపాము దెబ్బతిన్నవారు, మధుమేహం ఉన్న వృద్ధులు గంటల కొద్దీ గుడ్డ సీటు మీద కూర్చుంటే తోకెముక దగ్గర, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడి పుండవుతుంది. ఆ పుండు నెలల తరబడి మానదు. కుర్చీతో పాటే మందపాటి ఫోమ్‌దో, జెల్‌దో, గాలిదో మంచి దిండు కొనాలి. అరగంటకోసారి ముందుకు వంగేలా, పక్కకు ఒరిగేలా చూడాలి. రోజూ స్నానం చేయించేటప్పుడు ఆ చోట్లు చూడాలి. ఒకే కుర్చీ అన్నిటికీ పనికొస్తుందని కమోడ్ వీల్‌చైర్ కొని రోజంతా అందులోనే కూర్చోబెట్టడం సరికాదు. నడుమ రంధ్రమున్న సీటు స్నానానికి, దొడ్డికి బాగుంటుంది. పొద్దంతా కూర్చుంటే దాని అంచులు చర్మాన్ని నొక్కేస్తాయి.

దొరికే దారుల్లో మొదటిది అద్దె. తుంటి ఆపరేషన్ తర్వాత కొద్ది వారాలే అవసరమైతే కొనక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో నెల అద్దెకు ఇచ్చే సర్జికల్ షాపులున్నాయి. కొన్ని ఊళ్లలో సేవాసంస్థలు డిపాజిట్ తీసుకుని ఉచితంగా వాడుకోనిస్తాయి. చాలాకాలం కావాల్సినవారు కూడా రెండు వారాలు అద్దెకు వాడి చూస్తే తమకేం కావాలో తేటగా తెలుస్తుంది. కొనాలనుకుంటే మామూలు ఇనుప కుర్చీ అయిదారు వేల రూపాయల నుంచి ఉంటుంది. అల్యూమినియంది పదివేలకు అటూఇటూగా మొదలై కొలతలు, సౌకర్యాలను బట్టి పెరుగుతుంది. ఇంట్లో వాడుకునే వీల్‌చైర్ ఖర్చును చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఇవ్వవు కనుక పాలసీ పత్రం ముందే చదువుకోవాలి. ఆదాయపన్ను పాత విధానంలో ఉన్నవారికి, తమ మీద ఆధారపడిన కుటుంబసభ్యుడికి 40 శాతం వైకల్యం ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం, అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది.

ప్రభుత్వం నుంచి ఉచితంగా పొందే దారి ఎక్కువగా అలింకోతో ముడిపడి ఉంటుంది. కాన్పూర్ కేంద్రంగా 1972లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ కృత్రిమ అవయవాలు, వీల్‌చైర్లు తయారుచేస్తుంది. వికలాంగులకు ఉపకరణాలిచ్చే అడిప్ పథకం 1981 నుంచి ఉంది. దానికి 40 శాతం వైకల్య ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం ఆ వైకల్య ధ్రువపత్రాన్ని ‘సదరం సర్టిఫికెట్’ అంటారు. దానికోసం ముందుగా దరఖాస్తు చేసి, స్లాట్ తీసుకుని ప్రభుత్వాస్పత్రి శిబిరానికి వెళ్లాలి. అరవై దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన వేరే ఉంది. అది 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. వయసు వల్ల వచ్చిన బలహీనతకు ఇందులో చేతికర్ర, వాకర్, వినికిడి యంత్రంతో పాటు వీల్‌చైర్ కూడా ఇస్తారు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసి ఈ వివరాలు అడగొచ్చు.

ఈ పథకాల్లో ఒక శిబిరంలో పరీక్షించి కొలతలు రాసుకుంటారు, ఇంకో రోజు పంపిణీ చేస్తారు. మధ్యలో నెలలు గడవొచ్చు. ఆలోగా అద్దె కుర్చీతో నెట్టుకురావాలి. శిబిరానికి ఇంట్లో తీసిన కొలతల కాగితం పట్టుకెళ్తే, అందరికీ ఒకే సైజు వచ్చే పరిస్థితిలో కూడా అడగడానికి ఆధారం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీల్‌చైర్ల పంపిణీపై ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పిందీ ఇదే. పరీక్షించి, కొలిచి, ఒంటికి సరిచేసి, వాడకం నేర్పి, తర్వాత మరమ్మతు చూసే ఏర్పాటుతోనే కుర్చీ ఇవ్వాలి. తిరుపతిలోని బర్డ్ ఆస్పత్రి, పెద్ద ఆస్పత్రుల ఫిజియోథెరపీ విభాగాలు ఈ సలహాకు మంచి చోట్లు.

యువతకు, ఉద్యోగానికి వెళ్లేవారికి ఇప్పుడు దేశంలోనే మంచి దారులు తెరుచుకుంటున్నాయి. మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ నాయకత్వంలోని పరిశోధన కేంద్రం నుంచి 2019లో లేచి నిలబడనిచ్చే ‘అరైజ్’ వచ్చింది. 2021లో ఒంటి కొలతలకు తగ్గట్టు చేసే ‘నియోఫ్లై’, దాని ముందు భాగానికి తగిలించుకుని రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల దాకా వెళ్లగలిగే బ్యాటరీ బండి ‘నియోబోల్ట్’ వచ్చాయి. 2025లో అదే ఐఐటీ దాదాపు 9 కిలోల ‘వైడీ వన్’ కుర్చీని ఆవిష్కరించింది. తోసుకోగలిగే బలం చేతుల్లో ఉన్నవారికి ఇవి ఎంతో నప్పుతాయి. పూర్తిగా ఇతరుల మీద ఆధారపడిన వృద్ధులకు అంత ఖర్చు అవసరం లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరుండే తల్లిదండ్రుల సంగతి వేరు. విజిటర్ వీసా మీద వెళ్లినవారికి మెడికేర్ రాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికైనా 65 ఏళ్లు నిండి, వరసగా అయిదేళ్లు అక్కడ ఉంటేనే చేరే వీలుంటుంది. చేరినవారికి ఇంట్లో తిరగడానికి అవసరమని డాక్టరు రాస్తే, తొలి మినహాయింపు మొత్తం పోగా ఆమోదించిన ధరలో 80 శాతం భరిస్తుంది. ప్రయాణంలో సొంత కుర్చీని విమానసంస్థలు సామాను లెక్కలో కలపకుండా ఉచితంగా తీసుకెళ్తాయి. ఊడివచ్చే పలకలు, దిండు మాత్రం విడిగా చేతి సంచీలో పెట్టుకోవాలి. బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ వివరాలు టికెట్ తీసుకున్నప్పుడే చెప్పాలి.

కుర్చీ ఇంటికొచ్చాక ముందుగా ఖాళీ కుర్చీతో, తర్వాత ఇంట్లో బలంగా ఉన్నవాళ్లను కూర్చోబెట్టి సాధన చేయాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు పైకి లేపాలి, వాటి మీద ఎవరూ నిలబడకూడదు. చెక్క వాలు లేని గడప దగ్గర కుర్చీని ఎదురుగా నిలిపి, వెనక కింద పొడుచుకొచ్చిన గొట్టం మీద ఒక కాలితో తొక్కుతూ, పిడులు తనవైపు వంచుకోవాలి. ముందు చక్రాలు లేచి గడప దాటాక మెల్లగా దించి, పెద్ద చక్రాలు గడపకు ఆనే దాకా తోసి, మోకాలు వంచి ఒక్క ఊపుతో ఎక్కించాలి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తోసేవారు ముందు దిగి, పెద్ద చక్రాలను మెట్టుకు ఆనిస్తూ కిందికి జారనివ్వాలి. కూర్చున్నవారి చూపు అప్పుడు ఇంట్లోకే ఉంటుంది. వెనక ఏం జరుగుతోందో వారికి కనబడదు కాబట్టి, ‘ఇప్పుడు దింపుతున్నాను నాన్నా, వెనక్కి ఆనుకో’ అని ముందే చెప్పాలి.